దానశౌండుడు

వేటపాలెములోని సారస్వత నికేతనము 1918లో వెలసినది. దాతల ధనముతో, గ్రామస్థుల శ్రమతో పెరిగిన ఆ గ్రంథాలయమునకు 1929లో మహాత్మా గాంధీ శంకుస్థాపన చేసిరి. మద్యపానమునకు ఆయనకంటె గట్టి శత్రువు ఆనాడు దేశమున లేడు. అయినను ఆ దాతలను పూర్వకవి యెవడైన పొగడవలసి వచ్చినచో, నిస్సంకోచముగా 'దానశౌండులు' అని యుండును. సభలో నెవ్వరును తప్పుపట్టియుండరు. ఆ మాట పుట్టినిల్లు కల్లంగడి యని తెలిసినవారు మాత్రము కొంచెము నవ్వుకొని యుందురు.

అమరసింహుడు తన కోశములో సుర, హాల, కాదంబరి, మదిర మున్నగు పేర్లు వరుసగా చెప్పి, త్రాగెడి చోటికి 'శుండ' యను పేరు చూపినాడు. త్రాగునప్పుడు నంజుకొను పదార్థమును సైతము ఆయన మరువలేదు, దానిపేరు అవదంశము. శుండతో సంబంధము కలవాడు శౌండుడు, అనగా త్రాగి మత్తెక్కినవాడు. శుండ యనగా ఏనుగు తొండమని కూడ అర్థము కలదు. అందుచేతనే ఏనుగు శుండాలమైనది. మదము ఏనుగునకును కలదు, త్రాగుబోతునకును కలదు. శ్లేషప్రియులైన కవులకు ఇంతకంటె ఏమి కావలెను?

మత్తుడు మహాదాత యెట్లయ్యెను? దీనికి సమాధానము వ్యాకరణములో నున్నది. సప్తమీ తత్పురుషమును విధించుచు పాణిని ఒక పదగణమునకు శౌండశబ్దమునే శిరస్సుగా నిలిపెను. 'అక్షశౌండుడు' అనగా పాచికల యందు మునిగినవాడు. ఆ గణములో శౌండుని వెనుక ధూర్తుడు, కితవుడు నిలిచిరి. ఆ పంక్తిలోనే ప్రవీణుడు, పండితుడు, కుశలుడు, నిపుణుడు కూర్చుండిరి! జూదరియు పండితుడును ఒకే బంతిని భోజనము చేసిన ఇట్టి చోటు వ్యాకరణము కాక వేరొకటి మాకు కానరాదు. ఒకదాని యందు ఒడలు మరచుటయే వీరందరికిని సామాన్యలక్షణము. ఆ ఒకటి పాచికలైన నింద, దానమైన స్తుతి. కనుకనే కృతిపతులను సంబోధించు పద్యములలో దానశౌండ, రణశౌండ వంటి సమాసములు నిర్భయముగా చెల్లినవి.

మన వాడుకలో 'వ్యసనము' నడచిన దారియు ఇదియే. వ్యసనపరుడన్న తిట్టు, సాహిత్యవ్యసనపరుడన్న మెప్పు. శౌండీర్యమను మాటను కూడ ఈ కల్లంగడికే లాగుకొని రావలెనని కొందరికి తోచవచ్చును. దానికి శౌటీర్యమను రూపాంతరము కలదు గనుక, అంత తొందర వలదని మా అభిప్రాయము.

ఇంతవరకు మాట అదృష్టము. మనిషి అదృష్టము వేరు. త్రాగినవాని పేరు దాతల బిరుదులకెక్కగా, అమ్మినవాని పేరు నేలపైననే మిగిలినది. అమ్మువాడు శౌండికుడు. వాని యింటి అన్నము తినరాదని మనుస్మృతి శాసించెను. త్రాగుట వ్యసనమైనను బిరుదాయెను; అమ్ముట బ్రతుకుతెరువైనను మైలయాయెను. ఇది న్యాయమని మేము ఒప్పుకొనజాలము.

యాజ్ఞవల్క్యుడు ఈ విషయమున కొంత లోకజ్ఞుడు. సాధారణముగా భార్య చేసిన అప్పు భర్త తీర్చనక్కరలేదు. కాని గొల్ల, శౌండికుడు, నటుడు, చాకలి, వేటగాడు మాత్రము తీర్చవలెనని, వారి జీవనము ఆ స్త్రీలపై ఆధారపడియున్నదే అందుకు హేతువని ఆయన చెప్పెను. కల్లంగడిలో లెక్క చూచినది ఇల్లాలని దీనివలన తేటపడుచున్నది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరనే పదమూడవ శతాబ్దిలో కేతన తెనిగించెను. స్తుతిపద్యములలో దొరకని శౌండికుని సంసారము ధర్మశాస్త్రములో దొరకినది.

తెలుగుదేశములో ఆ వృత్తి ఈడిగ, గౌడ మున్నగు పేర్లతో తాటిచెట్ల నీడనే సాగినది. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గము, 1954 నవంబరులో మద్యనిషేధ సమస్యపైననే ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. గీతపనివారి జీవనోపాధియే ఆ వాదములో ముఖ్యాంశము. శౌండికుని అన్నము తినరాదన్న దేశములో, అతని అన్నము మాట శాసనసభకు చేరుటకు అంతకాలము పట్టినది.