గాజుపూస చెప్పే చరిత్ర

పురావస్తుశాలలోని ఎర్రపూసలన్నీ ఒకే పదార్థంతో చేసినవని మీరు అనుకోవచ్చు. కాని వాటిలో కొన్ని కార్నీలియన్ రాతివి, కొన్ని గాజువి. రెండింటిలోనూ ప్రధాన పదార్థం సిలికాయే. అయితే రాతిలో పరమాణువులు క్రమబద్ధంగా స్ఫటికాలుగా అమరి ఉంటాయి. గాజులో ఆ క్రమం ఉండదు. రాతిని చెక్కి, తొలిచి పూసగా చేస్తారు. గాజును కరిగించి సాగదీస్తారు. కాబట్టి ఇవి రెండు వేర్వేరు వృత్తులకు సాక్ష్యాలు.

గాజులోనూ రకాలున్నాయి. శుద్ధ సిలికా కరగాలంటే సుమారు 1700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ప్రాచీన కొలిమి అంత వేడిని ఇవ్వలేదు. అందుకే ఇసుకలో సోడా వంటి క్షారాన్ని కలిపేవారు. ఆ క్షారం ఎక్కడిదన్నదే చరిత్రకారునికి ముఖ్యం. రోమన్ గాజుకు ఈజిప్టు సరస్సులలో దొరికే నేట్రాన్ అనే ఖనిజ సోడాను వాడారు. మెసొపొటేమియాలో మొక్కల బూడిదను వాడారు. అందువల్ల ఆ గాజులో మెగ్నీషియం, పొటాషియం ఎక్కువ. దక్షిణ భారతం, శ్రీలంకలలో దొరికిన అనేక పూసలలో అల్యూమినా 5 శాతానికి మించి ఉంటుంది. రోమన్ గాజులో అది సాధారణంగా 2–3 శాతమే. చౌడు నేలల సోడాను, స్థానిక ఇసుకను వాడటమే ఇందుకు కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

ఈ తేడాను మీరు ఎందుకు గుర్తుంచుకోవాలి? 1945లో అరికమేడులో తవ్వకాలు జరిపిన మార్టిమర్ వీలర్ రోమన్ వాణిజ్యానికే ప్రాధాన్యమిచ్చాడు. ఇటువంటి రేవులలో దొరికిన గాజునంతా దిగుమతిగా లెక్కిస్తే మన పూసల పనివారు చరిత్రలో కనిపించకుండా పోతారు. కరిగిన గాజును బోలు గొట్టంగా సాగదీసి, ముక్కలుగా కోసి పూసలు చేసే ప్రాచీన పద్ధతి తిరుపతి సమీపంలోని పాపానాయుడుపేటలో 20వ శతాబ్దంలోనూ కొనసాగింది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. క్రీ.శ. 1వ శతాబ్దపు పెరిప్లస్ గ్రంథం ముజిరిస్‌కు ముడి గాజు దిగుమతి అయ్యేదని తెలుపుతుంది. అంటే విదేశీ గాజుతో ఇక్కడే పూస తయారై ఉండవచ్చు. రసాయన విశ్లేషణ ముడి గాజు పుట్టిన చోటును సూచిస్తుందే తప్ప పూస రూపుదిద్దుకున్న చోటును కాదు. దానిని తెలుసుకోవడానికి తవ్వకాలలో దొరికే విరిగిన గొట్టాలు, గాజు వ్యర్థాలు ఆధారం. ఈ రెండు రకాల ఆధారాలనూ కలిపి చదివినప్పుడే మీ నిర్ధారణ నిలుస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ఒక పూసలో నేట్రాన్ గాజు ఉన్నంత మాత్రాన అది రోమ్ సామ్రాజ్యంలో తయారైనదని చెప్పవచ్చా? కారణాలతో వివరించండి.