మోరీ గట్టు: మన తానాల గది చరిత్ర, మా ఇంటి వాకిన్ షవర్ కథ



ఈ మధ్య గ్రూపులో కనబడటం లేదేమని చాలామంది ఫోన్ చేసి అడిగారు. రెండు నెలల కింద మా అమ్మ మోరీలో పడింది. ఆమెకు 78 ఏళ్లు. దేవుడి దయవల్ల తుంటికి ఏమీ కాలేదు గానీ కుడి మణికట్టు విరిగింది. ఆమె పడింది తడి నేల మీద జారి కాదు, మోరీ గట్టుకు కాలు తగిలి. నాలుగు అంగుళాల ఆ గట్టును యాభై ఏళ్లకు పైగా రోజూ దాటింది. ఆ రోజు మాత్రం కాలు తను అనుకున్నంత పైకి లేవలేదు.

పుణెలో ఉన్న మా అబ్బాయి వచ్చి, "నాన్నా, ఈ మోరీ తీసేసి వాకిన్ షవర్ కట్టిద్దాం" అన్నాడు. నేను కసురుకున్నాను. మనది పవర్‌లూమ్ సంసారం, స్టార్ హోటల్ షోకులు మనకెందుకు అనుకున్నాను. వాడు ఫోన్‌లో ఫోటోలు తీసి నాయినమ్మకు చూపించాడు. తొట్టి లేదు, గట్టు లేదు, నేల సమంగా లోపలికి వెళ్లి చివర నీళ్లు పోయే జాలి ఉంది. అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "గిది మన మోరీయే గద బిడ్డా. గట్టు తీసేసిండ్రు, అద్దం పెట్టిండ్రు, గంతే" అంది.

ఆ మాటతో నాకు చరిత్ర పిచ్చి పట్టింది. నేను చదివినది, అమ్మ చెప్పినది, మా ఇంట్లో కట్టించినది అన్నీ కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగే. ఇల్లు రిపేరు చేయించుకోబోయేవాళ్లు చివరి భాగమైనా గవండీ రాకముందే చదవండి.

ముందు పాతకాలం సంగతి. స్నానానికి విడిగా చోటు కట్టడం మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పిన విద్య కాదు. సుమారు 4,500 ఏళ్ల కిందటి మొహెంజొదారోలో చాలా ఇళ్లలో కాల్చిన ఇటుకలతో పరిచిన స్నానపు నేలలు బయటపడ్డాయి. ఇటుకలను సందు లేకుండా పేర్చి, నేలను ఒక మూలకు వాటంగా దించి, అక్కడి నుంచి కాలువ తీసి వీధి మురుగులో కలిపారు. అక్కడి పెద్ద స్నానవాటిక సంగతి బడి పుస్తకాల్లో అందరం చదివాం. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, నీరు ఇంకకుండా తారు పూత. నన్ను మాత్రం ఆ మామూలు ఇళ్ల చిన్న స్నానపు నేలలే ఎక్కువ ఆకట్టుకున్నాయి. వాటం, కాలువ, ఇంకని నేల: ఈ మూడూ కుదిరితే స్నానాల గది కుదిరినట్టే. ఈనాటి గవండీ చేయాల్సిన పనీ అదే.

మన తాతముత్తాతలు తెలంగాణ ఊళ్ల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చారు. అక్కడ తానం ఇంటి వెనక. బావి పక్కన ఒక బండ, చుట్టూ తాటాకుల దడి, గోలెం నిండా నీళ్లు, కట్టెల పొయ్యి మీద కాగే నీళ్లు. వాడిన నీళ్లు అరటి చెట్టుకో, ఆనపపాదుకో పోయేవి. ఇక్కడికొచ్చాక పెరడు లేదు. ముందు మగ్గం, వెనక వంట, మధ్యలో మనుషులు. అందుకని పెరటి బండ ఇంట్లోకే వచ్చింది. వంటగది మూలలో మూడడుగుల చదరం, కింద షాబాదీ ఫర్సీ, గోడలో నీళ్లు పోయే బెజ్జం, నీళ్లు ఇంట్లోకి రాకుండా చుట్టూ చిన్న గట్టు. మరాఠీలో దాన్నే మోరీ అన్నారు, న్హాణీ అన్నారు, మనమూ అదే అన్నాం. ఫర్సీ మాత్రం రెండు వైపులా ఒకటే. తెలంగాణలో షాబాద్ బండ అంటారు, ఇక్కడ షాబాదీ ఫర్సీ అంటారు. రెండూ మన పొరుగున కలబురగి జిల్లా షాబాద్ పేరు మీదివే. మన గంగాళాన్ని కూడా మరాఠీవాళ్ల ఇంట్లో ఘంగాళ్ అంటారు. మన బంధువులున్న ముంబై వర్లీలోనూ ఇదే కథ. 1920లలో కట్టిన బీడీడీ చాళ్లలో ఇల్లంటే 160 చదరపు అడుగుల ఒక్క గది, పాయఖానాలు అంతస్తుకంతా కలిపి, తానానికి ఆ గదిలోనే ఒక మూల.

ఆ మూడడుగుల మూలలోనే స్నానం, గిన్నెలు, బట్టలు, పసిపిల్లలకు నీళ్లు పోయడం. దీపావళి తెల్లవారుజామున బంబు వెలిగించి, నూనె అంటి, ఉటణె రుద్ది అందరికీ వరసగా అక్కడే తలంట్లు. మనలో చాలామందికి ఆ జ్ఞాపకం తీపిగానే ఉంటుంది. నాకూ అంతే. ఇదంతా రాస్తూ ఆ తీపి జ్ఞాపకం అమ్మతో చెబితే ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది.

"మీకు తీపి. మాకెట్లుండె? మోరీకి తలుపెక్కడిది?"

పెళ్లయి వచ్చినప్పుడు ఆ ఇంట్లో తొమ్మిదిమంది. మోరీకి అడ్డంగా తాడు కట్టి ఒక పాత చీర వేసేవాళ్లు. ఇంట్లో మగవాళ్లు లేచి బయట ఓటా మీదికి వెళ్లేలోపే ఆడవాళ్ల స్నానాలు అయిపోవాలి. అందుకని నాలుగు గంటలకే లేచేది. చీర కట్టుకునే నీళ్లు పోసుకునేది. ఒంట్లో బాగాలేని రోజుల్లో, పురుటి రోజుల్లో కూడా ఆ చీర పరదాయే దిక్కు. 1972 కరువులో రెండు చెంబుల నీళ్లతో సరిపెట్టుకున్న రోజులున్నాయట. పగలంతా బీడీలు చుట్టి, చేతులకు పట్టిన పొగాకు వాసన పోయేదాకా కడుక్కునేంత నీళ్లూ లేవు, చాటూ లేదు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు, ఆమె ఒక్కసారీ చెప్పలేదు.

మనవాళ్లు నేసిన టెర్రీ తువ్వాళ్లు దేశవిదేశాల స్నానాల గదులకు పోతాయి. షోలాపూర్ తువ్వాలకు, చద్దరుకు జీఐ గుర్తింపు వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం. ఆ తువ్వాలు నేసిన ఇంటి ఆడమనిషికి తలుపున్న తానాల గది దొరకడానికి ఎన్నేళ్లు పట్టిందో మాత్రం మన సమాజ చరిత్రల్లో ఎవరూ రాయలేదు. నర్సయ్య ఆడం మాస్టర్ నాయకత్వంలో జరిగిన పోరాటం తర్వాత కుంభారి దగ్గర బీడీ కార్మిక మహిళలకు 10,000 ఇళ్ల గోదూతాయి పరుళేకర్ కాలనీ వచ్చింది. 2006లో తాళంచెవులు ఇచ్చారు. అక్కడ ఇల్లు దొరికిన మా పిన్నమ్మను కొత్త ఇల్లు ఎట్లుంది అని అడిగితే, ఆమె హాలు గురించి చెప్పలేదు, వంటగది గురించి చెప్పలేదు. "తలుపేసుకుని తానం చేసిన" అంది. ఆ మాటకు అర్థం నాకు ఇప్పుడు తెలిసింది.

ఇక షవర్ సంగతి. 1767లో లండన్‌లో విలియం ఫీథమ్ అనే పొయ్యిల తయారీదారు మొదటి యంత్రపు షవర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. చేతి పంపుతో నీళ్లు తల మీది పాత్రలోకి ఎక్కించి, గొలుసు లాగితే అన్నీ ఒక్కసారే మీద పడేవి. తర్వాత కుళాయి నీళ్లు, పైపులు వచ్చి షవర్ ఇళ్లలోకి వచ్చింది. కానీ పశ్చిమ దేశాల్లో చాలాకాలం అది తొట్టిలోనే ఉండిపోయింది. తొట్టి అంచు మన గట్టుకు మూడు నాలుగింతలు ఎత్తు.

గట్టు లేని షవర్ వెనక మాత్రం వేరే కథ ఉంది. అమెరికాలో పోలియో బాధితులు, యుద్ధంలో గాయపడి వచ్చినవాళ్లు చక్రాల కుర్చీలో చదువుకోవాలనీ, ఉద్యోగం చేయాలనీ పట్టుబట్టారు. భవనాలు అందరూ వాడుకోగలిగేలా ఉండాలని 1961లో అక్కడ మొదటి జాతీయ ప్రమాణం వచ్చింది. రొనాల్డ్ మేస్ అనే ఆర్కిటెక్ట్‌కు తొమ్మిదేళ్ల వయసులో పోలియో వచ్చింది. చక్రాల కుర్చీలోనే ఆర్కిటెక్చర్ చదివాడు. వికలాంగులకు వేరుగా, మిగతావాళ్లకు వేరుగా కట్టడం ఎందుకు, మొదటి నుంచే అందరికీ పనికొచ్చేలా కడదాం అని చెప్పి దానికి యూనివర్సల్ డిజైన్ అని పేరు పెట్టినవాడు ఆయనే. 1990లో అమెరికాలో వికలాంగుల చట్టం వచ్చింది. మన దేశంలో 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో ఇంకో చట్టం వచ్చాయి. చక్రాల కుర్చీ లోపలికి పోవాలంటే గట్టు ఉండకూడదు. నేను షోకు అని కసురుకున్న వస్తువును ఇంత దూరం తెచ్చినవాళ్లలో నడవలేని మనుషులు ముందున్నారు. మా అబ్బాయికి ఆ మాట చెప్పి, కసురుకున్నది వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను.

మోరీని, దాని పక్కనున్న సామాన్ల మూలను కలిపితే 5 అడుగులు, 7 అడుగుల గది వచ్చింది. అందులో లోపలి 3 అడుగులు, 5 అడుగుల భాగం షవర్‌కు. చక్రాల కుర్చీ అవసరం ఇప్పుడు లేదు, రేపు రావచ్చు. అందుకని తలుపు 3 అడుగుల వెడల్పు పెట్టించి, బయటికి తెరుచుకునేలా చేశాం. లోపల ఎవరైనా తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరిచే తలుపు బయటి నుంచి తోసినా రాదు. గడియ కూడా బయటి నుంచి తీయగలిగేదే.

గట్టు తీసేస్తామంటే మా గవండీ ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లుగా మా ఇంటి పని ఆయనే చేస్తున్నాడు. "గట్టు లేకపోతే నీళ్లు దేవుడి గదిలోకి వస్తాయి అన్నా, తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. ఆయన భయం తప్పు కాదు. గట్టు చేసే పనిని వాటం చేయాలి. మాది కింది అంతస్తు కాబట్టి పాత నేల తవ్వి దించాం. తలుపు దగ్గర గది నేలతో సమం, అక్కడి నుంచి లోపలి గోడ వరకు అడుగుకు పావు అంగుళం చొప్పున దిగుతుంది. చివరి గోడ పొడవునా స్టీలు జాలి ఉన్న కాలువ, దాని కింద వాసన, బొద్దింకలు రాకుండా నీళ్లు నిలిచే ట్రాప్. టైల్స్ వేయకముందే తలుపు దగ్గర ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూశాం. నీళ్లన్నీ లోపలికే పోయాయి గానీ ఒక మూల చిన్న మడుగు నిలిచింది. గవండీ తనే ఆ మూల చెక్కి మళ్లీ వేశాడు. ఫ్లాట్లలో ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. నేల దించాలని శ్లాబు చెక్కకండి. బాత్రూమ్ కింద శ్లాబు ముందే ఎంత దించి ఉందో సొసైటీ ఇంజనీరుతో చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

వాటర్‌ఫ్రూఫింగ్ పూత నేలంతా, షవర్ గోడలకు తలపై ఎత్తు వరకు, మిగతా గోడలకు ఒక అడుగు. తర్వాత కాలువ మూసి, నీళ్లు నింపి 48 గంటలు ఉంచాం. నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి చూశాం. ఈ పరీక్ష చేయనివ్వకుండా తొందరపెట్టేవాళ్లకు డబ్బు ఇవ్వకండి.

టైల్స్ నున్నటివి వద్దు. గరుకుగా, చిన్నవిగా ఉండాలి. చిన్న టైల్స్‌కు సందులు ఎక్కువ, కాలికి పట్టు దొరుకుతుంది, వాటమూ సరిగా వస్తుంది. నేలకు ఒక రంగు, గోడకు ఒక రంగు పెట్టండి, ముసలి కళ్లకు అంచు తెలుస్తుంది. పట్టుకోవడానికి స్టీలు కడ్డీ 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, గోడలోకి లోతుగా బిగించాలి. తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకుని లేవకూడదు, అది మనిషి బరువు మోయదు. కూర్చోవడానికి 18 అంగుళాల ఎత్తున గట్టి బల్ల. చల్లనీళ్లు, వేడినీళ్లు కలిపే కుళాయి షవర్ కింద కాకుండా ప్రవేశం దగ్గరే పెట్టాం, తడవకముందే చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. కిందికీ మీదికీ జరిగే హ్యాండ్ షవర్. అద్దం గోడ మానేసి పరదా వేశాం. అమ్మకు సాయంగా ఇంకొకరు లోపలికి వెళ్లాలంటే పరదాయే సుఖం.

బకెట్ కుళాయి తీసేయలేదు. మన ఊళ్లో నీళ్లు కొన్ని రోజులకోసారి వస్తాయని మీకు వేరే చెప్పక్కర్లేదు. మామూలు షవర్ నిమిషానికి పది లీటర్ల దాకా పోస్తుంది. అమ్మ తానం మొత్తం ఒక బకెట్‌లో అయిపోతుంది. ఆమెకు కావలసింది షవర్ కాదు, కాలు ఎత్తనక్కర్లేని నేల, పట్టుకోవడానికి కడ్డీ, వేసుకోవడానికి తలుపు.

పోయిన శుక్రవారం ప్లాస్టర్ తీసేశాక మొదటిసారి ఎవరి సాయం లేకుండా లోపలికి వెళ్లింది. బయట నేను, నా భార్య చెవులు రిక్కించి నిలబడ్డాం. ముప్పావుగంట పట్టింది. ఇంతసేపేమని అడిగితే, "ఎవరైనా లేస్తరని తొందర లేదు గద" అంది.

బంధువులారా, ఒక చిన్న పని చెబుతాను. ఈ ఆదివారం మీ ఇంట్లో మోరీ గట్టు, బాత్రూమ్ గడప ఎన్ని అంగుళాలో కొలిచి కింద రాయండి. దాన్ని రోజూ దాటే పెద్దవాళ్ల వయసూ రాయండి. అలాగే మీ అమ్మనో, అత్తనో, అవ్వనో పాత ఇంట్లో తానం ఎట్లా చేసేదో అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే పెట్టండి. పాత మోరీ ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే తప్పక పంపండి. మాది పగలగొట్టేముందు ఫోటో తీయడం మరిచిపోయాను.