కుటుంబాలకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ

ఇంట్లో ఒకరి ఆలోచన, మాట, నడవడిక మరొకరిని ఎలా కదిలిస్తాయో గుర్తించి, ఆ వరుసను మార్చే మానసిక చికిత్స. సంక్షిప్తంగా సీబీటీ. 1950లలో ఆల్బర్ట్ ఎలిస్, 1960లలో ఆరన్ బెక్ సీబీటీకి పునాదులు వేశారు. దాన్ని కుటుంబాలకు అన్వయించినవారిలో నార్మన్ ఎప్‌స్టీన్, ఫ్రాంక్ డాటిలియో ముఖ్యులు.

మూల భావనలు: కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో బోరు ఎండి, బుడ్డల పంట పోయిన ఇంటిని ఊహించండి. రాత్రి సంగటి ముందు కూర్చున్న రైతు పలకడు. ‘నామీదే కోపం’ అనుకుని భార్య ముభావమవుతుంది. అది చూసి ‘నాకు విలువ లేదు’ అని ఆయన మరింత ముడుచుకుంటాడు. చప్పున మెదిలే ఇలాంటివి ‘అప్రయత్న ఆలోచనలు’. అడక్కుండానే ఎదుటి మనసు తెలుసనుకోవడం ‘ఆలోచనా దోషం’. ‘మగవాడు బాధ చెప్పుకోకూడదు’ అన్న తరాల నమ్మకం ‘కుటుంబ స్కీమా’. ఇద్దరి స్పందనలూ ఒకదాన్నొకటి పెంచడం ‘వలయ కార్యకారణం’.

పద్ధతి: చికిత్సకులు ఆ నమ్మకానికి రుజువు అడుగుతారు, అడ్డు తగలకుండా వినడం, అప్పుల లెక్క కలిసి చూసుకోవడం వంటి ఇంటిపని ఇస్తారు.

పరిమితులు: ఇది అప్పు తీర్చదు, వాన కురిపించదు. ఇంట్లో హింస ఉంటే ముందు భద్రతే చూడాలి.

సహాయం: 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ (14416) తెలుగులోనూ పలుకుతుంది.