కొత్త టాస్క్ యాప్ కట్టాలా? చాండ్లర్ నుంచి గుంజాల దాకా ఒక కథ

ఈ ఎపిసోడ్ ఆసిఫాబాద్‌లో మా ఇంటి డాబా మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో కోడి కూస్తే ఏమనుకోకండి.

పండక్కి ఇంటికొచ్చిన రోజే మా తమ్ముడు పట్టుకున్నడు. బీటెక్ ఫైనల్ ఇయర్. "అన్నా, మనం ఒక టాస్క్ యాప్ కడదామా? తెలుగుల, ఓపెన్ సోర్స్‌ల. చేయాల్సిన పనులన్నీ అండ్ల రాసుకోవచ్చు. రెజ్యూమెలో కూడా పెట్టుకోవచ్చు" అన్నడు. సరే అని నోటిదాకా వచ్చింది. కానీ ఆగిపోయిన. ఎందుకంటే ఈ పని నేను ఒకసారి చేసి చెడగొట్టిన.

2021లో ఇంటి నుంచి పని చేస్తున్నప్పుడు ఒక చిన్న టాస్క్ యాప్ రాశా. మా వీధిలో ఉండే ఆశా వర్కర్ అక్క దాన్ని నిజంగానే వాడింది. ఏ బిడ్డకు ఏ రోజు టీకా, ఏ ఇంటికి మళ్లీ వెళ్లాలి, అన్నీ అందులోనే రాసుకుంది. ఏడాది తర్వాత నాకు ఇంట్రెస్ట్ పోయింది, సర్వర్ బిల్లు కట్టడం మానేశా. ఒక పొద్దున అక్క యాప్ తెరిస్తే లిస్టు లేదు. నన్ను తిట్టలేదు. "ఏం కాదు తమ్మీ, నోట్‌బుక్ ఉంది కదా" అంది. తిట్టినా బాగుండేది.

అందుకే తమ్ముడికి జవాబు చెప్పే ముందు, ఇంతకుముందు ఇదే పని చేసినోళ్ల కథలు చదివిన. వాటిలో పెద్దది చాండ్లర్.

మిచ్ కపోర్ పేరు విన్నారా? ఎక్సెల్ కంటే ముందు ఆఫీసులన్నీ ఏలిన లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్ కంపెనీ పెట్టింది ఆయనే. 1988లో అదే కంపెనీ నుంచి లోటస్ అజెండా అని ఇంకో సాఫ్ట్‌వేర్ వచ్చింది. మనసుకు ఏది తోస్తే అది ఒక లైన్ కొట్టొచ్చు, దాన్ని ఏ గంపలో వేయాలో సాఫ్ట్‌వేరే చూసుకుంటది. వాడినోళ్లు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. కానీ అమ్మకాలు పెద్దగా లేవు, కొన్నేళ్లకు కంపెనీయే ఆపేసింది.

ఆ కోరిక కపోర్‌ను వదల్లేదు. 2002లో చాండ్లర్ అనే ప్రాజెక్ట్ ప్రకటించారు. మెయిల్, క్యాలెండర్, పనులు, నోట్స్ అన్నీ ఒకే చోట, పూర్తిగా ఓపెన్ సోర్స్. సొంత డబ్బు లక్షల డాలర్లలో పెట్టారు. టీమ్‌లో పేరున్న ప్రోగ్రామర్లు. ఇక ఆపేదెవరు అనిపిస్తది కదా? ఆపింది వాళ్ల కోరికే. ప్రతిదీ మొదటి నుంచి మళ్లీ ఆలోచించాలనుకున్నారు. డేటా ఎట్ల దాచాలి, మెయిల్‌కీ పనికీ తేడా ఉండాలా వద్దా, అసలు "పని" అంటే ఏంది. మీటింగుల మీద మీటింగులు. స్కాట్ రోజెన్‌బర్గ్ అనే జర్నలిస్ట్ ఏళ్ల తరబడి వాళ్ల పక్కనే కూర్చుని చూసి, 2007లో 'డ్రీమింగ్ ఇన్ కోడ్' అని పుస్తకమే రాసిండు. పుస్తకం వచ్చింది, సాఫ్ట్‌వేర్ 1.0 మాత్రం ఇంకా రాలేదు! అది 2008 ఆగస్టులో వచ్చింది. అప్పటికే కపోర్ పక్కకు తప్పుకున్నారు. ఈలోపు జీమెయిల్, గూగుల్ క్యాలెండర్ ఫ్రీగా వచ్చి జనానికి అలవాటైపోయాయి.

అదే కాలంలో, 2003లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు తన నోట్స్, పనులు ఒక దారిలో పెట్టుకోవాలనిపించింది. ఆయన కొత్త కోట కట్టలేదు. అప్పటికే తాను వాడుతున్న ఈమాక్స్ ఎడిటర్ మీదనే ఆర్గ్ మోడ్ అని ఒక పొర వేశాడు. రాసిందంతా మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఉంటది. ఇప్పటికీ జనం వాడుతున్నారు. 2006లో జినా ట్రపాని తెచ్చిన టుడూ డాట్ టీఎక్స్‌టీ ఇంకా సింపుల్: ఒక ఫైల్, ఒక లైన్‌కు ఒక పని, అంతే. యాప్ చచ్చిపోయినా ఫైల్ నీ దగ్గరే ఉంటది.

యాప్ చావడం అంటే జోక్ కాదు. ఆండ్రాయిడ్ మొదటి రోజుల్లో ఆస్ట్రిడ్ అని ఒక టాస్క్ యాప్ బాగా నడిచింది. 2013 మేలో యాహూ కొనేసింది, ఆగస్టుకల్లా మూసేసింది. వండర్‌లిస్ట్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొని 2020 మేలో మూసింది. చూడటానికి రెండూ ఒకటే. కానీ ఆస్ట్రిడ్ కోడ్ ఓపెన్ సోర్స్. అలెక్స్ బేకర్ అనే డెవలపర్ ఆ కోడ్‌ను తీసుకుని టాస్క్స్ డాట్ ఆర్గ్ పేరుతో ముందుకు నడిపాడు. అది ఇవాళ్టికీ ఉంది, అకౌంట్ లేకుండా, నెట్ లేకుండా కూడా నడుస్తది. నన్నడిగితే ఓపెన్ సోర్స్ అసలు లాభం ఇదే. ఫ్రీ అనే దానికంటే, ఒకడు వదిలేస్తే ఇంకొకడు ఎత్తుకోవచ్చు. నా యాప్ కోడ్ నేను బయట పెట్టలేదు. అందుకే ఎత్తుకునేవాడు కూడా లేకపోయిండు.

మన దగ్గర కూడా ఈ ప్రశ్న వచ్చింది. తెలుగులో కంప్యూటర్ కావాలని 2005లో స్వేచ్ఛ వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చినప్పుడు కెర్నల్ నుంచి మొదలుపెట్టలేదు. ఉన్న లైనక్స్ తీసుకుని, అందులోని మెనూలను, మాటలను తెలుగు చేశారు. ఒక్కో పదం కూర్చుని తర్జుమా చేయడం బోరు పని, రెజ్యూమెలో మెరవదు కూడా. కానీ లేనిది అదే.

ఇంకా దగ్గరికి వస్తే, మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే నార్నూర్ దగ్గర గుంజాల ఉంది. అక్కడి ఇళ్లలో గోండీ లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. ఆ లిపి చదవగలిగిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. ఎవరూ కంప్యూటర్ కోసం కొత్త అక్షరాలు కనిపెట్టలేదు. ఉన్న అక్షరాలనే పద్ధతిగా నేర్చుకుని, పుస్తకాలు వేసి, చివరికి 2018లో యూనికోడ్ 11.0లో చేర్పించారు. ఇప్పుడు దానికి గూగుల్ వాళ్ల ఫ్రీ నోటో ఫాంట్ కూడా ఉంది. అయితే కొత్తది కనిపెట్టడం తప్పేం కాదు. 1918లో బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మాసారం గోండీకి కొత్త లిపి తయారు చేశారు, అది గుంజాల కంటే ఒక ఏడాది ముందే, 2017లో, యూనికోడ్‌లోకి వెళ్లింది. కాకపోతే ఆయన ముందు అప్పుడు గుంజాల ప్రతులు లేవు. మా తమ్ముడి ముందు పాతిక యాప్‌లున్నాయి.

ఇదంతా చెప్తే తమ్ముడి మొహం చిన్నబోయింది. "అంటే కట్టొద్దా?" అన్నడు. నేర్చుకోవడానికైతే కట్టు, వంద కట్టు. ఇంకొకరి చేతికి ఇచ్చేదైతే మాత్రం నువ్వు వదిలేసిన రోజు వాళ్ల లిస్టు ఏమైతదో ముందు చెప్పాలె, అన్నా. పక్కనే మా బాపు గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తూ, "నా దానికి ఛార్జింగ్ కూడ అక్కర్లేదు" అని నవ్విండు.

మర్నాడు ఇద్దరం అక్క ఇంటికి పోయినం. తమ్ముడు ల్యాప్‌టాప్ తెరిచి, స్క్రీన్లు, రంగులు ఎట్ల ఉండాలని అడగబోయిండు. అక్క ఒకటే అడిగింది: "ఊరి అవతలకి పోతే సిగ్నల్ ఉండదు. ఫోన్ పగిలిపోద్ది కూడా. అప్పుడు నా లిస్టు ఉంటదా?"

ఇద్దరం ఉన్న యాప్ ఒకటి ఆమె ఫోన్‌లో వేసి, లిస్టును ఫైల్‌గా మెమరీ కార్డులోకి ఎట్ల కాపీ చేసుకోవాలో చూపించినం. అక్కకు అర్థంకాని ఇంగ్లిష్ మాటలు తమ్ముడు ఒక కాగితం మీద రాసుకున్నడు, పద్నాలుగు తేలినయి. "డ్యూ డేట్"కు తెలుగు ఏం పెట్టాలని రాత్రి దాకా కొట్లాడుకున్నం. "గడువు" అని నేను, "ఎప్పటికి" అని వాడు. అక్కను అడుగుతే "ఎప్పటికి"నే బాగుందంది. వాడి మొదటి కాంట్రిబ్యూషన్ అదే, ఇంకా పంపలేదు, మిగిలిన పదమూడు మాటల మీద కూర్చున్నడు.