అధికంగా చెల్లించిన పింఛను – తిరిగి వసూలు: పింఛనుదారులు తెలుసుకోవలసిన విషయాలు

పదవీ విరమణ చేసి పది, పన్నెండు సంవత్సరాలు గడచిన తరువాత ఖజానా కార్యాలయం నుండో, బ్యాంకు నుండో ఒక లేఖ వస్తుంది. ఇంతకాలం మీకు పింఛను అధికంగా చెల్లించాము, ఇన్ని లక్షల రూపాయలు తిరిగి చెల్లించవలెను అన్నది దాని సారాంశం. కొన్ని సందర్భాలలో లేఖ కూడా రాదు. నెల మొదట్లో ఖాతాలో జమ అయిన మొత్తం సగానికి తగ్గి కనిపిస్తుంది. సరిహద్దు జిల్లాల కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. బళ్లారిలోనో, రాయగడలోనో, హోసూరులోనో, సిరొంచలోనో ఉద్యోగం చేసినవారికి ఆ లేఖ కన్నడంలోనో, ఒడియాలోనో, తమిళంలోనో, మరాఠీలోనో వస్తుంది. చదివి చెప్పేవారు దొరికేలోగా జవాబు గడువు ముగిసిపోతుంది. వసూలు లేఖ అంతిమ తీర్పు కాదన్నది ముందుగా గ్రహించవలసిన విషయం.

పొరపాటు ఎలా జరుగుతుంది

తరచుగా కనిపించే కారణాలు మూడు. మొదటిది, ఉద్యోగకాలంలో వేతన స్థిరీకరణలో లేదా ఇంక్రిమెంటులో జరిగిన తప్పు. అది పింఛను లెక్కలోకి కూడా వస్తుంది. రెండవది, కమ్యుటేషన్ కింద ముందుగా పొందిన భాగాన్ని నెలనెలా తగ్గించవలసి ఉండగా బ్యాంకు తగ్గించకపోవడం. మూడవది, కుటుంబ పింఛను. కేంద్ర నిబంధనల ప్రకారం, విరమణ అనంతరం పింఛనుదారు మరణించినప్పుడు హెచ్చు రేటు కుటుంబ పింఛను 7 సంవత్సరాల వరకు, లేదా మరణించిన వ్యక్తికి 67 ఏళ్లు నిండి ఉండే తేదీ వరకు, ఏది ముందైతే అంతవరకే లభిస్తుంది. ఆపైన చివరి వేతనంలో 30 శాతానికి తగ్గుతుంది. ఉదాహరణకు, చివరి వేతనం 40,000 రూపాయలు, హెచ్చు రేటు 20,000 రూపాయలు అనుకుందాం. ఆ తేదీ తరువాత రావలసినది 12,000 రూపాయలే. బ్యాంకు గమనించక మూడేళ్లు పాత రేటే చెల్లిస్తే, కరవు భత్యం కాక 2,88,000 రూపాయలు అధికమవుతాయి. ఆ వితంతువు చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు.

రెండు వేర్వేరు విషయాలు

పింఛనును ఇకపై సరైన మొత్తానికి సవరించడం ఒక విషయం. గతంలో చెల్లించినదాన్ని తిరిగి రాబట్టడం మరొక విషయం. న్యాయస్థానాలు ఆంక్షలు పెట్టినది ప్రధానంగా రెండవదానికే. మొదటిదానికి సైతం పరిమితులున్నాయి. 2021 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల (పింఛను) నిబంధనలలోని 66వ నిబంధన ప్రకారం, ఒకసారి ఖరారైన పింఛనును గుమాస్తా పొరపాటు బయటపడితే తప్ప తగ్గించరాదు. ఆ పొరపాటు రెండేళ్ల తరువాత బయటపడితే కేంద్ర పింఛను శాఖ సమ్మతి అవసరం. రాష్ట్ర ఉద్యోగులకు పింఛను మంజూరు చేసిన రాష్ట్రపు నిబంధనలే వర్తిస్తాయి. ప్రస్తుతం ఏ రాష్ట్రంలో నివసిస్తున్నారన్నది లెక్కలోకి రాదు.

సుప్రీంకోర్టు తీర్పులు

2014 డిసెంబరు 18న పంజాబ్ రాష్ట్రం – రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు అయిదు సందర్భాలలో వసూలు తగదని పేర్కొన్నది:

1. మూడవ, నాలుగవ తరగతి ఉద్యోగుల నుండి.
2. విరమణ చేసినవారి నుండి, వసూలు ఉత్తర్వు నాటి నుండి ఏడాదిలోగా విరమణ చేయనున్నవారి నుండి.
3. ఉత్తర్వు జారీకి ముందు అయిదేళ్లకు మించి అధిక చెల్లింపు జరిగినప్పుడు.
4. ఉద్యోగి చేత తప్పుగా పై హోదా విధులు చేయించి, అందుకు తగిన వేతనం ఇచ్చినప్పుడు.
5. వసూలు అన్యాయంగా, కఠినంగా లేదా నిరంకుశంగా పరిణమించే ఇతర సందర్భాలలో.

ఈ తీర్పును అనుసరించవలెనని కేంద్ర సిబ్బంది శాఖ 2016 మార్చి 2న ఉత్తర్వు ఇచ్చినది. కేరళలో 1999లో విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని నుండి పదేళ్ల తరువాత వసూలు చేయబూనడం సమంజసం కాదని 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఒడిశాలో విరమణ చేసిన న్యాయశాఖ సిబ్బంది విషయంలోనూ, వారి వాదన వినకుండా ఇచ్చిన వసూలు ఉత్తర్వులను 2025 ఏప్రిల్‌లో రద్దు చేసినది. ఈ ఉపశమనం ఉద్యోగి హక్కు కాదని, కష్టాన్ని గుర్తించి న్యాయదృష్టితో కల్పించేదని కోర్టులు స్పష్టం చేశాయి. ఉద్యోగి వాస్తవాన్ని దాచినా, మోసం చేసినా ఇది లభించదు.

సంతకం చేసిన హామీ పత్రం

అధికంగా ముట్టినది తిరిగి చెల్లిస్తానని వేతన సవరణ వేళనో, పింఛను ఖాతా తెరిచినప్పుడో సంతకం చేసిన హామీ పత్రం చాలామందికి గుర్తుండదు. 2016 జూలై 29న ఇటువంటి హామీ ఇచ్చిన ఒక విశ్రాంత న్యాయాధికారి కేసులో సుప్రీంకోర్టు వసూలును అనుమతించి, రెండేళ్ల వాయిదాలు ఇచ్చినది. ఆ పత్రం ఏ సందర్భంలో, ఏ చెల్లింపు కోసం ఇచ్చినదో చూడవలెను. దాని నకలు తప్పక అడగండి. కొత్తగా ఏ అంగీకార పత్రంపైనా తొందరపడి సంతకం చేయకండి.

నోటీసు అందినప్పుడు

లేఖ అందిన తేదీని దానిపైనే వ్రాసుకొని కవరు భద్రపరచండి. ఏ నెలకు ఎంత రావలెను, ఎంత ఇచ్చారు అన్న పట్టికను, పింఛను మంజూరు ఉత్తర్వు నకలును లిఖితపూర్వకంగా కోరండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. 30 రోజులలో జవాబు ఇవ్వవలెను. ఆ దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంత అధికార భాషలో గాని ఉండవలెను కనుక, పొరుగు రాష్ట్ర కార్యాలయానికి ఇంగ్లీషులో వ్రాయడం క్షేమం.

గడువులోగా జవాబును స్పీడ్ పోస్టులో పంపండి. పొరపాటులో మీ ప్రమేయం లేదని, ఎప్పుడు విరమణ చేసినదీ, ఎన్నేళ్ల చెల్లింపును అడుగుతున్నదీ తెలిపి, పై తీర్పును తేదీతో ఉదహరించండి. వసూలు తప్పనిసరి అయితే చిన్న వాయిదాలు ఇవ్వవలెనని, అయినా అభ్యంతరం వదులుకోవడం లేదని కూడా వ్రాయండి.

తప్పు బ్యాంకుదైతే ఆ మొత్తాన్ని పింఛనుదారు నుండి రాబట్టేవరకు ఆగకుండా, తప్పు తెలిసిన వెంటనే ప్రభుత్వ ఖాతాకు జమ చేయవలెనని రిజర్వు బ్యాంకు 2021 జనవరి 21 నాటి సర్క్యులరులో బ్యాంకులను ఆదేశించినది. బ్యాంకు 30 రోజులలో జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఏ న్యాయస్థానం

కర్ణాటక ఉద్యోగులకు రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఉన్నది. బెంగళూరుతో పాటు బెళగావి, కలబురగిలలో పీఠాలున్నాయి. మహారాష్ట్ర ట్రిబ్యునల్‌కు నాగపూరులో పీఠం ఉన్నది. తమిళనాడు, ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాష్ట్ర ట్రిబ్యునళ్లు రద్దయినందున హైకోర్టును ఆశ్రయించవలెను. కేంద్ర ఉద్యోగులకు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఉన్నది. ట్రిబ్యునల్‌కు సాధారణంగా తుది ఉత్తర్వు నాటి నుండి ఏడాదిలోగా వెళ్లవలెను. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

ఈ రక్షణ లేని సందర్భాలు

పింఛనుదారు మరణించిన తరువాత ఖాతాలో జమ అయిన పింఛను కుటుంబానిది కాదు. మరణ ధ్రువపత్రంతో వెంటనే తెలియజేసి, ఆ మొత్తాన్ని ఖాతాలో కదపకుండా ఉంచవలెను. అలాగే, సరిహద్దుకు ఇరువైపులా చిరునామాలు చూపి రెండు ప్రభుత్వాల నుండి వృద్ధాప్య, వికలాంగ పింఛన్లు పొందినవారు కార్యాలయం పొరపాటు అని వాదించజాలరు. ఒకదానిని తామే వదులుకుంటున్నట్లు వ్రాసి ఇవ్వడం మేలు. నిజాయితీగా పింఛను తీసుకున్నవారు మాత్రం వసూలు లేఖకు భయపడి చేతిలోని సొమ్మంతా కట్టివేయనక్కరలేదు. ముందుగా లెక్క అడగవలెను.