వర్ణగవాక్షానికి ప్లాస్టిక్ కవచం

మెదకు చర్చిలో రంగుల గాజుబొమ్మలగుండా ఎండ లోపలికి దిగటం చూచినవారు మనలో ఎందరో ఉన్నారు. అట్టి కిటికీ ఒకే గాజుపలక కాదు. రంగుగాజు ముక్కలను సన్నని సీసపు పట్టీలతో కూర్చిన అల్లిక. సీసము మెత్తని లోహము. రాయి తగిలినా, పెనుగాలి నొక్కినా అల్లిక చెదరుతుంది. అందుచేత వెలుపల మరొక పలకను కాపుగా నిలిపే పద్ధతి పాతదే. ఇంగ్లండులోని యార్క్ మిన్‌స్టర్ చర్చిలో జాన్ థార్న్‌టన్ 1405–1408 మధ్య నిర్మించిన తూర్పు మహాగవాక్షానికి 1861లోనే సాదాగాజును కాపుగా అమర్చారు.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ కళ అమెరికాలో ఇళ్ళలోకి వచ్చింది. 1880లో జాన్ లా ఫార్జ్ పాలవన్నె గాజుకు పేటెంటు పొందాడు. మేడమెట్ల మలుపులోను, వీధితలుపుపైన ఇట్టి కిటికీ ఉండటం ఇంటికి అందమయింది.

1933లో జర్మనీలో ఓటో రోమ్ సంస్థ ‘ప్లెక్సిగ్లాస్’ అనే పారదర్శకమైన అక్రిలిక్ పలకను విక్రయానికి తెచ్చింది. ఇంగ్లండులో ‘పెర్‌స్పెక్స్’ అనబడినది ఇదే. రెండవ ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానచోదకుని తలపై కప్పు దీనితో చేసినదే. దీని బరువు గాజులో సగం. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డానియెల్ ఫాక్స్ ఎవరికి వారే పాలికార్బొనేటును కనిపెట్టారు. ఇది సుత్తిదెబ్బకూ ఓర్చుతుంది. ఎండకు మాత్రం ఓర్వలేక, పైపూత లేకుంటే పచ్చబడుతుంది.

పగలని గాజు దొరికిందనుకొని గృహస్థులు కిటికీ వెలుపల ఈ పలకలను బిగించి, అంచులు సందు లేకుండా మూసివేశారు. చిక్కు అక్కడే వచ్చింది. రెండు పలకల నడుమ చిక్కిన గాలి ఎండకు కాగుతుంది. సీసము పగలు వ్యాకోచించి, రాత్రి సంకోచించి, క్రమంగా ఉబ్బి వంగుతుంది. చల్లనివేళ లోపలి తేమ నీటిబొట్లుగా పేరుకొని కొయ్యచట్రాన్ని కుళ్ళజేస్తుంది. రక్షణకు పెట్టినదే రోగమైంది! 1993లో అమెరికా జాతీయ ఉద్యానవనశాఖ తన సూచనపత్రంలో గాలిదారి లేని కవచాలవలన కలిగే హానిని గురించి హెచ్చరించింది.

విరుగుడు సులభమే. పలకకు క్రింద, పైన రంధ్రాలు ఉంచితే వేడిగాలి పైనుండి పోయి, చల్లగాలి క్రిందినుండి చేరుతుంది. పలక కదలడానికి కూడ చోటుండాలి. 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పెరిగితే మీటరు పొడవు గాజు మిల్లీమీటరులో మూడవవంతు సాగుతుంది. అక్రిలిక్ సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. కనుక మరకు వేసే రంధ్రం మరకంటె పెద్దదిగా ఉండాలి. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి.

యార్క్‌లో ఆ మహాగవాక్షపు మరమ్మతు 2018లో ముగిసింది. ఈసారి వెలుపల నిలిపినది అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే గాజు. దానికీ, పాత గాజుకూ నడుమ గాలి ఆడుతూ ఉంటుంది.