విమాన యంత్రము – డీజిలు రైలు యంత్రము

వనపర్తి పేర రైలు స్టేషను కలదు గాని అది వనపర్తిలో లేదు. పట్టణమునకు దూరముగా మదనాపురమువద్ద 'వనపర్తి రోడ్డు' అను పేర నున్నది. గద్వాలకు స్టేషను కలదు. నాగర్‌కర్నూలు పట్టణమునకు రైలు నేటికిని రాలేదు. అయినను డీజిలు యంత్రము నెరుగనివారు ఈ మూడు సీమలలోను లేరు. రైలు రాని చోటికి అది బస్సై వచ్చినది. బావిగట్టున నీరు తోడు ఆయిలింజనై వచ్చినది. ఆ యంత్రమునకును, ఆకసమున నెగురు విమానమునకును గల చుట్టరికమును మన పాఠకులకు వివరింప నెంచితిని.

మొదటి ప్రపంచ సంగ్రామ కాలమున నైజాము రైల్వేవారి మీటరుగేజి మార్గము సికింద్రాబాదు నుండి పాలమూరు వైపు సాగినది. క్రమముగా కృష్ణను దాటి గద్వాలకును, తుంగభద్రను దాటి కర్నూలునకును చేరినది. ఆనాటి బండ్లను లాగినది ఆవిరి యంత్రము. దానికి బొగ్గొక్కటియే చాలదు. బొగ్గు బరువునకు అనేక రెట్లు నీరు కావలెను. చైత్రము వచ్చుసరికి బావులెండి, కడవెడు నీటికై క్రోసెడు నడచు సీమలో, రైలు యంత్రము దాహము తీర్చుట సామాన్యమైన పని కాదు. ఇంతచేసి, కాల్చిన బొగ్గు శక్తిలో నూటికి పది పాళ్లయినను చక్రములకు చేరెడిది కాదు.

ఈ దుబారాను చూచి సహింపలేనివాడు రుడాల్ఫు డీజిలు అను జర్మను ఇంజనీరు. గాలిని గట్టిగా అదిమినచో అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడిలో నూనెను చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండును. ఇదియే ఆయన సూత్రము. 1893లో చేసిన తొలి యంత్రము విఫలమైనది. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున నిలిపిన యంత్రము నూనెలోని శక్తిలో నూటికి 26 పాళ్లు పనిగా మార్చి చూపినది. కాని ఆ ఒత్తిడికి తాళుటకు గోడలు మందముగా నుండవలెను. కనుక అది మూడు మీటర్ల ఎత్తున, టన్నుల కొలది బరువుతో నిలిచినది.

విమానమునకు ఆ బరువే శత్రువు. అందుచేత 1903లో రైటు సోదరులు పెట్రోలు యంత్రమునే ఎన్నుకొనిరి. వారి పనివాడు చార్లీ టేలరు అల్యూమినియమును ఉపయోగించి చేసిన ఆ యంత్రము శక్తి సుమారు 12 అశ్వశక్తులు. ఒక్కొక్క అశ్వశక్తికి సుమారు 15 పౌనుల బరువు పడినది. 1935లో తొలిసారి ఎగిరిన డకోటా విమానమునకు అమర్చిన 14 సిలిండర్ల యంత్రములలో అది సుమారు ఒక పౌనునకు దిగినది. చల్లబరచుటకు వానికి నీరు కూడ అక్కరలేదు, ఎదురుగాలియే చాలును. ముప్పది యేండ్లలో ఇంత మార్పు మరి యే యంత్రమందును చూడము.

రైలునకు బరువు శత్రువు కాదు. బరువు చాలనిచో చక్రము పట్టాపై జారును. అక్కడి చిక్కు వేరు: డీజిలు యంత్రము నిలిచియున్న బండిని తనంతట తాను కదల్పలేదు. 1912లో స్విట్జర్లాండున నడిపి చూచిన తొలి డీజిలు రైలు యంత్రమునకు చక్రములను సూటిగా తగిలించి కష్టపడిరి. తరువాతివారు ఉపాయము మార్చిరి. డీజిలు యంత్రము జనరేటరును త్రిప్పును; ఆ విద్యుత్తు ఇరుసులమీది మోటార్లను త్రిప్పును. మనము డీజిలు బండి అందుము గాని చక్రములను త్రిప్పునది విద్యుత్తే!

ఈ రెండు దారులును ఒకచోట కలసినవి. జర్మనీలో యుంకర్సువారు విమానములకై తేలికైన డీజిలు యంత్రమును చేసిరి. దానిపై హక్కును కొనిన ఆంగ్లేయ సంస్థ నేపియరు, ఆ పద్ధతిని పెంచి, నౌకల కొరకు డెల్టికు అను యంత్రమును నిర్మించినది. అది 1955లో రైలెక్కినది. రెండు యంత్రములు కలసి 3,300 అశ్వశక్తులు! గగనమునకై పుట్టిన ఆలోచన పట్టాలపై స్థిరపడినది.

మన హైదరాబాదు చరిత్రయు ఇట్టిదే. 1932లో నైజాము రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. 1945లో నైజాము ప్రభుత్వము, టాటాలు భాగస్థులుగా దక్కను ఎయిర్‌వేసు ఏర్పడి, బేగంపేట నుండి డకోటాలను నడపినది. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమైనది. అప్పటికే జెట్టు వచ్చియుండెను: విటిలు 1930లో దానికి పేటెంటు కోరగా, జర్మనులు 1939లో ఎగురవేసిరి. భారత రైల్వేలకు 1957లో అమెరికా నుండి డీజిలు యంత్రములు దిగినవి. 1964లో వారణాసి కర్మాగారమున 2,600 అశ్వశక్తుల యంత్రము తయారైనది. మీటరుగేజికి ఆరు సిలిండర్ల చిన్న యంత్రము వేరుగా కలదు. వనపర్తి రాజప్రాసాదమున 1959లో పాలిటెక్నికు నెలకొన్నందున, ఇట్టి యంత్రముల విద్య మన పిల్లలకు ఊరిలోనే అందినది. మేడలకు ఇంతకంటె మంచి వినియోగము నే నెరుగను.

మన మార్గము 1990 దశకమున బ్రాడుగేజిగా మారినది. 2008లో బేగంపేట నుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలినవి. 2023 సెప్టెంబరు 24 నుండి గద్వాల మీదుగా కాచిగూడ–యశ్వంతపూరు వందేభారతు విద్యుత్తుతో నడచుచున్నది. అందు డీజిలు యంత్రము లేదు, జనరేటరు లేదు, ఇరుసులమీది మోటార్లు మాత్రము అట్లే యున్నవి.